నాలుగు ముప్పైమూళ్ళు

ఆ రోజు పొద్దున్న ప్లంబరు తన ఇంట్లోంచి తనే బయటపడలేకపోయాడు.

ఊళ్ళోవాళ్ళ పైపుల్లో ఇరుక్కున్న దువ్వెనలూ, ఉంగరాలూ, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్ళూ, అన్నీ క్షేమంగా బయటికి లాగిన మనిషి. అలాంటివాడు సొంత వీధి తలుపు ముందు పైజమాలో నిలబడి బిక్కమొహం వేశాడు. తలుపుకి తాళం. తాళంచెవి ఉండాల్సిన మేకు ఖాళీ.

"వెతక్కండి," అంది గదిలోంచి భార్య. "నా దిండు కింద ఉంది."

"లోపల్నించి తాళమేంటే? దొంగ ఇంట్లోనే ఉన్నాడా?"

"ఉన్నాడు. పైజమాలో నిలబడ్డాడు. ఇవాళ ఒక్కరోజైనా సిగరెట్టు ముట్టరని వేశాను. పిల్ల ఉద్యోగంలో చేరడానికి వెళ్తోంది. నాలుగు మంచి మాటలు చెప్పాల్సిన నోరు కాలిన గుడ్డ వాసనొస్తే బాగుంటుందా?"

"ఐదు నిమిషాలు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"మూడేళ్ళ నించీ రోజూ ఇదే ఐదు నిమిషాలు. అన్నీ కలిపితే ఈపాటికి ఒక ఊపిరితిత్తి పూర్తయి ఉంటుంది."

ప్లంబరు నోరు తెరిచాడు. మూశాడు. ఆ ఇంట్లో ఆయన క్రమం తప్పకుండా చేసే వ్యాయామం అదొక్కటే.

ఆవిడ చెడ్డది కాదు. భయస్తురాలు. పెళ్ళికి ముందెప్పుడో ఆవిడెక్కిన బస్సు టైరు పేలింది. బస్సు పొలంలోకి దిగి, అలిసిపోయినట్టు ఓ పక్కకి ఒరిగి పడుకుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ గీత పడకపోవడమే ఆవిడ కొంప ముంచింది. కాలో చెయ్యో విరిగుంటే జనం జాలిపడేవాళ్ళు, పళ్ళు పట్టుకొచ్చి పరామర్శించేవాళ్ళు. ఏమీ విరగలేదు కాబట్టి నవ్వారు. "నీకేమైందమ్మా, శుభ్రంగా ఉన్నావుగా" అన్నారు. అప్పట్నించీ ఆవిడ తన భయాన్ని ఒక్కతే మోసుకు తిరుగుతోంది.

అలాంటి మనిషికి ఆ ఇంట్లో వాళ్ళు కొనిపెట్టిన పాత కారు ఎలాంటిదంటే, టైర్లలో గాలి తగ్గితే చెప్పేది. ఒక్కో టైరులో ఒక సెన్సరు. డ్యాష్‌బోర్డు మీద స్క్రీను, దాని మీద నాలుగు టైర్లకీ నాలుగు అంకెలు. ముప్పైమూడుంటే సరిపడా గాలి ఉన్నట్టు. గాలి తగ్గిందంటే పసుపు లైటు. అందులో ఒక సెన్సరుకి మతి స్థిమితం లేదు. గాలి ఉన్నా లేదనేది. లైటు వెలిగిన మరుక్షణం ఆవిడ, "ఆపండి! దిగండి! అందరూ దిగండి!" అనేది. అందరూ దిగేవాళ్ళు. ఆ కుటుంబం ఒక పెళ్ళికి భోజనాలయ్యాక చేరింది. ఇంకో పెళ్ళికి చేరేసరికి వాళ్ళ పిల్లాణ్ణి బళ్ళో వేశారు.

నవ్వుకుని ఊరుకునేవాళ్ళే. కానీ మూడేళ్ళ కిందట కూతురికి రేవులో క్రేన్ నడిపే ఉద్యోగానికి మొదటిసారి పిలుపొచ్చింది. సగం దారిలో పసుపు లైటు వెలిగింది. తల్లి కదిలే కారు తలుపు తీసింది. ముగ్గురూ రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నారు. మెకానిక్కు వచ్చి, టైర్లన్నీ చూసి, "గాలి బానే ఉందండీ" అనేసరికి అక్కడ పరీక్ష అయిపోయింది. కూతురు ఇంటికొచ్చి గదిలోకి వెళ్ళింది. తర్వాత వీధి చివర జిరాక్సు షాపులో చేరింది. ఓడల మీంచి లారీలంత పెట్టెలు ఎత్తాల్సిన చేతులు కాగితాలు ఎత్తాయి.

ఆ మర్నాడే ప్లంబరు కారు తీసుకుని పంక్చరు షాపు నేస్తం దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి వచ్చాడు. అంతే. మళ్ళీ పసుపు లైటు వెలగలేదు.

"ఏం చేశారు?" అంది భార్య.

"చిన్న జాయింటు పని," అన్నాడు.

అప్పట్నించీ స్క్రీను మీద నాలుగు మూలలా నాలుగు ముప్పైమూళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ముప్పైనాలుగు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, రోడ్డు వంక చూడకుండా ఆ అంకెలే చూస్తూ, ప్రతి మలుపు దగ్గరా పైకి చదివేది. "ముప్పైమూడు, ముప్పైమూడు, ముప్పైమూడు, ముప్పైమూడు." ఆవిడకి అదే నిద్రమాత్ర.

ఇప్పుడు రేవు నించి రెండో పిలుపొచ్చింది. ఈసారి పరీక్ష కాదు. పరీక్ష కూతురు ఎవరికీ చెప్పకుండా రాసొచ్చింది. సరాసరి చేరడమే. మధ్యాహ్నం సైరన్ మోగేలోగా గేటు దాటాలి. దాటకపోతే ఆ కుర్చీ తర్వాతి మనిషిది.

సామాను సర్దడంలోనే ప్లంబరు సగం చచ్చాడు. డిక్కీ నిండా కూతురి పెట్టెలు. వెనక సీట్లో పరుపు. ఆ పరుపుకీ తలుపుకీ మధ్య మిగిలిన సందులో ఆయన. షెడ్డులో కారు ఎడమ పక్క గోడకి ఆనుకుని ఉంది. సన్నగా వాన మొదలైంది.

"ఒక్కసారి టైర్లు చూస్తా," అన్నాడు, ఇంకా పూర్తిగా ఇరుక్కోకముందు.

"స్క్రీను చూపిస్తోందిగా!" అంది భార్య. "టైర్ల వంక పెట్టి గోడ చాటుకెళ్ళి ఒకటి వెలిగిద్దామనా? ఎక్కండి ముందు."

"నాన్నా, టైమవుతోంది," అంది స్టీరింగు ముందు కూర్చున్న కూతురు. రెండు చేతులతో దాన్ని ఎలా పట్టుకుందంటే, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

ఎక్కాడు. తలుపు పడింది. వెనక తలుపులకి చైల్డ్ లాకు. కూతురు బళ్ళో చదివేటప్పుడు వేసింది, తియ్యడం ఎవరికీ గుర్తులేదు. అది వేస్తే తలుపు లోపల్నించి తెరుచుకోదు. ఇంట్లోంచి బయటపడలేని మనిషి ఇప్పుడు కార్లోంచీ బయటపడలేడు.

ఊరు దాటి గంట గడిచాక కూతురు స్టీరింగుని కుడికి లాగింది. "బండి ఎడమకి లాగుతోందేంటి?"

"ముప్పైమూడు, ముప్పైమూడు, ముప్పై..."

"ఆపమ్మలూ," అన్నాడు ప్లంబరు పరుపు చాటు నించి.

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. ఓసారి ఆపు."

"ఊరికే కాదే," అంది తల్లి. "ప్రాణం లాగేస్తోంది. సిగరెట్టుకి."

"సిగరెట్టు కాదే బాబూ! ఆపమంటున్నాగా!"

"విన్నావా ఆ అరుపు? తాగకపోతే మనిషి ఎలా అయిపోతాడో చూడు. బండి పోనీ నువ్వు."

"నాన్నా, స్క్రీనులో అన్నీ బానే ఉన్నాయి. ఇంకో గంట ఓపిక పట్టు, ప్లీజ్."

ప్లంబరు కళ్ళు మూసుకున్నాడు. ఎందుకు ఆపాలో చెప్పాలంటే మూడేళ్ళ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండాలంటే టైరు ఊరుకోవాలి. టైరు ఊరుకోలేదు. ముందు టపటప అంది. తర్వాత డబడబ అంది. ఆఖరికి వంద గిన్నెలు మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడొచ్చింది. కారు కుంటుకుంటూ వెళ్ళి రోడ్డు పక్కన ఆగింది.

వాన జోరందుకుంది. రెండు పక్కలా నీళ్ళు నిండిన పొలాలు. కనుచూపు మేర మనిషి లేడు. కూతురు దిగి వెనక్కి వెళ్ళి చూసి, తడిసిన మొహంతో కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఎడమ వెనక టైరు సాంతం అయిపోయింది. నేలకి అంటుకుపోయింది."

తల్లి స్క్రీను వంక చూసింది. ఎడమ వెనక, ముప్పైమూడు. పచ్చగా, హాయిగా.

"అలా ఎందుకవుతుంది? ఇక్కడ ముప్పైమూడు ఉంది."

"అమ్మా, నా కళ్ళతో చూశాను. చక్రం రేకు మీద నిలబడింది బండి."

"స్క్రీను ముప్పైమూడు అంటోందే. టైరుకేం తెలుసు?"

కూతురు డిక్కీ వైపు నడిచింది. స్టెపినీ కావాలంటే పెట్టెలన్నీ దింపాలి. ప్లంబరు గుండె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎందుకొచ్చిన గొడవని కొట్టుకోవడం మొదలెట్టింది.

"అమ్మలూ! నేను తీస్తా! నువ్వు తియ్యకు! ముందు నా తలుపు తియ్యి!"

వానలో ఆ పిల్లకి వినపడలేదు. ఆయన తలుపుని భుజంతో కొట్టాడు. పరుపు ఆయన్ని అంతకంటే గట్టిగా తిరిగి కొట్టింది.

కాసేపటికి డ్రైవరు తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికొచ్చి కూర్చుంది. ఒళ్ళంతా నీళ్ళు. చేతిలో మోచేతి పొడుగు పైపు. బూడిదరంగు ప్లాస్టిక్ పైపు, రెండు చివర్లా మూతలు. ఒక మూతకి మాత్రం సైకిలు ట్యూబుకి ఉన్నట్టు గాలి కొట్టే ముక్కు. ఊపితే లోపల ఏవో లొటలొటలాడాయి.

"స్టెపినీ పక్కన దొర్లుతోంది," అంది. "ఏంటిది నాన్నా?"

"పైపు."

"పైపని తెలుస్తోంది. లోపలేముంది?"

వెనక సీట్లో పరుపు అటూ ఇటూ కదిలింది.

"లోపలేముందండీ?" అంది తల్లి కూడా. ఆ చప్పుడు ఆవిడకి కొత్త కాదు. మూడేళ్ళుగా ప్రతి గతుకులోనూ వింటోంది. ఆయన పైపు సామానే అనుకుంది. అనుకున్నది నిజమే, అదే విడ్డూరం.

"సెన్సర్లు," అన్నాడు ప్లంబరు. "నాలుగూ."

"ఏ సెన్సర్లు?"

"టైర్లలోవి. తీయించి ఇందులో వేసి మూత బిగించా. ముప్పైమూడు దాకా గాలి కొట్టా. దొర్లుతుంటేనే అవి మేలుకుని పనిచేస్తాయట, అందుకే కట్టెయ్యకుండా వదిలేశా." కాస్త ఆగి, ఆపుకోలేక అన్నాడు, "మూడేళ్ళలో చుక్క గాలి పోలేదు. జాయింటు అలాంటిది."

తల్లి వేలు మెల్లగా స్క్రీను మీదికి వెళ్ళింది. ఒక్కో ముప్పైమూడునీ ముట్టుకుంది.

"అంటే నేను ఇన్నాళ్ళూ చదివింది... పైపునా?"

"నీకు నిద్ర పట్టేదే. అంతకుముందు పట్టేదా?"

"నన్ను పంపడం ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పుండాల్సింది," అంది కూతురు. "ఇంత దూరం తీసుకొచ్చి రోడ్డు మధ్యలో కూర్చోబెట్టావు. టైర్లలో ఎంత గాలుందో ఈ బండికే తెలీదు. మనలో ఎవరికీ తెలీదు!"

"నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"రోజూ పొద్దున్నే చూస్తాగా. మీ అమ్మ లేవకముందు. నాలుగూ కొలుస్తా. తగ్గితే కొడతా."

ఈసారి తల్లి వెనక్కి తిరిగింది. పరుపు అంచు మీంచి ఆయన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"పొద్దున్నే మీరు వెళ్ళేది సిగరెట్టుకి కదా?"

"మానేసి మూడేళ్ళయింది."

"మరి ఆ వాసన?"

"ఒకటి వెలిగించి గోడ మీద పెట్టేవాణ్ణి. అది కాలి అయిపోయేలోగా నాలుగు టైర్లూ అయిపోయేవి. వాసన లేకుండా లోపలికొస్తే, బయటేం చేశావని అడుగుతావుగా నువ్వు."

మూడేళ్ళు. రోజూ తిట్లు. బంధువుల ముందు, పాలవాడి ముందు, పంటి డాక్టరు ముందు కూడా. ఆ మనిషి తాగని సిగరెట్టుకి తలొంచుకుని నిలబడ్డాడు.

"ఇవాళ కొలవలేదా?" అంది ఆవిడ, చాలా చిన్నగా.

చెప్పాల్సిన పని లేదు. ఆవిడ చెయ్యి తనంతట తనే సంచీలోకి పోయింది. పొద్దున్న దిండు కింద దాచిన తాళంచెవి ఇప్పుడు అందులో ఉంది.

"తాళం వేసింది నేను," అంది. "టైరు అయిపోవడానికి నేనే..." కళ్ళు తుడుచుకుని ఒక్కసారిగా కూతురి వైపు తిరిగింది. "సరే, అయిందేదో అయింది. ఆ పైపు దాని చోట పెట్టెయ్యి. స్టెపినీ మార్చు. నేనేమీ చూడలేదు. ఆ లైటు రాకుండా ఉంటే చాలు నాకు."

కూతురు తల్లినీ, అద్దంలో తండ్రి కళ్ళనీ మార్చి మార్చి చూసింది.

"చూశారా? ఇదే. ఇలాగే ఉంది నా బతుకు," అంది. అరవలేదు. అరిచుంటే బాగుండేది. "నువ్వు భయపడతావు. నాన్న ఆ భయానికి మూత బిగిస్తాడు. ఇద్దరూ నా కోసమే అంటారు. ఆ మూత లోపల లొటలొటలాడేది నేను. ఆ రోజు కల్వర్టు మీద ముగ్గురం కూర్చున్నాం. నేను రోడ్డు చూడలేదమ్మా, మీ మొహాలే చూశాను. ఇద్దరిలో ఒక్కరైనా 'పద, ఏదైతే అదవుతుంది' అంటారేమోనని. అన్నారా? నాన్న మెకానిక్కుకి ఫోను చేశాడు. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. వదిలేస్తే ఎక్కడికో పోతానన్నట్టు పట్టుకున్నావు."

ఆ పిల్ల పైపుని ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు మధ్యలో ఉన్న సూదిని గోటితో నొక్కింది.

"వద్దే," అంది తల్లి.

స్స్స్ మంది పైపు. మూడేళ్ళ నాటి గాలి మూసిన కార్లోకి వచ్చింది. స్క్రీను మీద ముప్పైమూళ్ళు ఇరవైతొమ్మిదులయ్యాయి. ఇరవైరెండులయ్యాయి. పద్నాలుగులయ్యాయి. ఆ లెక్కన ఒకేసారి నాలుగు టైర్లూ పేలి కారు పాతాళానికి దిగిపోతూ ఉండాలి. కారు మాత్రం ఉన్నచోటే వానలో తడుస్తూ నిలబడింది. టింగ్ మని చప్పుడైంది. పసుపు లైటు వెలిగింది.

తల్లి ఊపిరి బిగబట్టింది. ఒక చెయ్యి తలుపు పిడి మీద పడింది. కూతురు ఆ చేతినే చూస్తోంది. ఇప్పుడు అరుస్తుంది, దిగమంటుంది, ఇంటికి పోదామంటుంది.

ఆవిడ దిగింది. అరవలేదు. వానలో వెనక్కి నడిచి, వెనక తలుపు బయటినించి తెరిచింది. పరుపుతో పాటు ప్లంబరు రోడ్డు మీదకి జారాడు.

"కొలిచేది జేబులో ఉందా?"

"ఉంది."

"చూపించండి నాకు. ఎలా చూస్తారో."

కూతురు జాకీ ఎక్కించింది. ప్లంబరు నట్లు విప్పాడు. పోయిన టైరులో గుచ్చుకుని ఉన్న స్క్రూ పైపులు గోడకి బిగించే రకం. ఆయన సంచీలోంచి రాలిందే. దాన్ని చూసి ఆయన ఇంకాస్త పొట్టివాడయ్యాడు. స్టెపినీ బిగించాక, పెన్నులా ఉన్న గేజీని భార్య చేతిలో పెట్టి, ఆ చేతిని టైరు ముక్కు దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"గట్టిగా నొక్కు. భయపడకు. ఆ స్స్ మని పోయేది నాలుగు బొట్ల గాలే."

నొక్కింది. చదివింది. "ముప్పైఒకటి." కంగారుగా ఆయన వంక చూసింది. "ముప్పైమూడు కాదేంటి?"

"నిజం టైరే అది. రోజూ ఒక్కలా ఉండదు. ముప్పైఒకటికి ఏం కాదు, పోవచ్చు."

ఆవిడ రెండో టైరు దగ్గరికి వెళ్ళింది. మూడో దాని దగ్గరికి. నాలుగో దాని దగ్గరికి. చీర కుచ్చిళ్ళు బురదలో ఈడుస్తూ, మోకాళ్ళ మీద కూర్చుని, పసిపిల్ల జ్వరం చూసినట్టు చూసింది. తర్వాత వచ్చి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఎదురుగా నాలుగు సున్నాలు, పసుపు లైటు. ఒళ్ళో ఖాళీ పైపు. రెండు చేతులూ దాని చుట్టూ బిగించింది.

"అమ్మా, నీకు..."

"పద," అంది.

కూతురు కదల్లేదు.

"పదవే. ఏదైతే అదవుతుంది. నీ సైరను నా కోసం ఆగుతుందా?"

దారంతా ఆవిడ అంకెలు చదవలేదు. మొదటిసారి రోడ్డు చూసింది. "ఇన్ని చెట్లున్నాయా ఈ దారిలో," అంది ఒకచోట. ఇంకోచోట ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకుంది, కానీ నోరూ మూసుకుంది. వెనక పరుపు చాటు నించి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. "జలుబు," అన్నాడు ప్లంబరు, ఎవరూ అడక్కపోయినా.

రేవు గేటు దగ్గర కారు ఆగేసరికి కాపలా మనిషి దారికి అడ్డంగా కట్టడానికి గొలుసు పైకెత్తుతున్నాడు. కూతురు పెట్టె లాక్కుని పరిగెత్తింది. వెనకే పరుపు నెత్తిన పెట్టుకుని తండ్రి. పరుపుకి కాళ్ళొచ్చి తనే పరిగెడుతోందా అన్నట్టుంది. కాపలా మనిషి పక్కకి తప్పుకున్నాడు. ఆ పిల్ల రెండో కాలు లోపల పెట్టగానే సైరన్ మోగింది. వెనక్కి తిరిగి చూస్తే గొలుసు అవతల తల్లి నిలబడి ఉంది. ఒంటి నిండా బురద. ఒక చేతిలో పైపు. రెండో చెయ్యి ఊపుతోంది.

సాయంత్రం హాస్టలు గదిలో ఫోను మోగింది.

"ఇంటికొచ్చేశాం," అంది తల్లి.

"లైటు?"

"దారి పొడుగునా వెలుగుతూనే ఉంది, మాయదారి లైటు. మీ నాన్న నడిపాడు. నేను అంత దూరం దాని ఎదురుగానే కూర్చున్నా. రెండుసార్లు ఆపించి కొలిచా. మూడోసారి ఆపమంటే, బండి కంటే మనం నడిచెళ్తే ముందు చేరతామన్నాడు."

"నాన్నేం చేస్తున్నాడు?"

"వరండాలో కూర్చున్నాడు. రేపట్నించి ఎడమవి నేను, కుడివి ఆయన. ఆ సెన్సర్లు మళ్ళీ టైర్లలో పెట్టించమన్నా. మతి లేనిది ఒకటుందిగా, దాన్ని మార్పించమన్నా. ఇంక సిగరెట్టు వెలిగించక్కర్లేదని చెప్తే, పొద్దున్నే నీ తిట్లు లేకపోతే ఎలా అని బెంగ పెట్టుకున్నాడు." ఆవిడ నవ్వింది. నవ్వు మధ్యలో తెగింది. "గది బావుందా? కిటికీ ఉందా?"

"ఉందమ్మా. క్రేన్లు కనపడుతున్నాయి."

"ఎంత ఎత్తుంటాయి?"

కూతురు అబద్ధం చెబుదామనుకుంది. మన ఇంటి మేడంత అందామనుకుంది. "చాలా ఎత్తు," అంది. "పైన కూర్చుంటే ఓడలు చెప్పుల్లా కనపడతాయట."



"మెట్లెక్కేటప్పుడు రెండు చేతులతో పట్టుకో," అంది తల్లి. "ఉంటా మరి."

ఫోను పెట్టేశాక ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడింది. క్రేన్ల మీద ఎర్రలైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఏదో తక్కువైనట్టు అనిపించింది. జిరాక్సు షాపుకి వెళ్ళినా, వీధి చివర పెరుగు పాకెట్టుకి వెళ్ళినా అమ్మ అడిగే మాట ఒకటుంది. "ఎప్పుడొస్తావు?" ఇవాళ అడగలేదు. ఆ ఒక్క మాట అడక్కుండా ఉండటానికి ఆవిడ అక్కడ ఎంత ఊపిరి బిగబట్టిందో ఊహకి రాగానే కళ్ళ ముందు క్రేన్లన్నీ నీళ్ళలో కరిగిపోయాయి.

ఆ పిల్ల ఫోను తీసుకుని తిరిగి కలిపింది.

"అమ్మా, పై ఆదివారం వస్తా," అంది. "గేజీ చూడటం నాకూ నేర్పించు."